ఏడుపు బల్ల మీద మా నాన్న

ఫిలడెల్ఫియా
1994 మే 8

ప్రియమైన వష్తి అత్తయ్యకు,

ముప్పై ఏళ్లుగా ఒక ప్రశ్న మోస్తున్నాను. ఆ ఆగస్టులో నాన్న నన్ను ఇంటి నుంచి ఎందుకు పంపేశాడు?

ఫోన్ చేసి అడగవచ్చు. కానీ మీరు రెండు మాటలు కాగానే "పొయ్యి మీద ఏదో మాడుతోందే" అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను.

మౌంట్ నెబో చర్చి కొత్త పాస్టరు లండీ గారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. చర్చి వెనక కట్టిన భోజనశాలకు నాన్న పేరు పెడుతున్నారట. రెవరెండ్ సైలస్ మేబ్రీ శాల. సెప్టెంబరులో సంఘ వార్షికోత్సవం రోజున నన్ను మాట్లాడమన్నారు. "ఓటు హక్కు కోసం హ్యాచీ క్రీక్ ఊరిని నడిపించిన ధీరుడి కూతురు" అని పరిచయం చేస్తారట. నల్లవాళ్ల ఆ పోరాటం మీద మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక గోడ పొడుగునా పుస్తకాలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆయన పేరు లేదు. దానికి నాకు బాధ లేదు. నా బాధ వేరు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మన ఊళ్లో ఆ వయసు పిల్లల్ని ఆగస్టు ఉజ్జీవ కూటాల్లో ముందు వరసన ఏడుపు బల్ల మీద కూర్చోబెట్టేవారు. లోపల దేవుడు తాకేదాకా అక్కడే కూర్చోవాలి. తాకాక లేచి పాస్టరుకు చెయ్యివ్వాలి. ఆదివారం ఏట్లో బాప్తిస్మం. నాతో కూర్చున్నవాళ్లంతా వారం సగమయ్యేసరికి ఏడ్చి, లేచి, చెయ్యిచ్చేశారు. శుక్రవారానికి నేనొక్కదాన్నే మిగిలాను. పాస్టరు గారి కూతుర్ని. చుట్టూ నిలబడి పాడారు. సంఘమాత టల్లిస్ అమ్మగారు నా చెవి దగ్గర వంగి, "లేవవే తల్లీ, నువ్వు లేస్తే చాలు, మిగతాది ఆయన చూసుకుంటాడు" అన్నారు. నాకేమీ అనిపించలేదు. అనిపించలేదు కనుక లేవలేదు. అప్పుడు నాన్న వేదిక దిగి వచ్చి నా పక్కన ఆ బల్ల మీద కూర్చున్నాడు. మాట్లాడలేదు. కూర్చున్నాక నా వైపు చూడను కూడా లేదు. కూటాలు అలాగే ముగిశాయి.

మర్నాడు మన పెరటి కంచె అవతల సంఘ పెద్ద డీకన్ పర్విస్ ఎవరితోనో అనడం విన్నాను: "సొంత కూతుర్ని బల్ల మీద నుంచి లేపలేనివాడు మనల్ని కోర్టు మెట్లెక్కిస్తాడా?" సోమవారం కోర్టులో ఓటర్లుగా పేర్లు రాయించుకోవడానికి నాన్న వెంట వస్తామన్నవాళ్లు చర్చిలో సగం మంది. వెళ్లింది ఇద్దరే. ఆ వారం తిరక్కుండా నన్ను ఇక్కడ పిన్ని దగ్గరికి బస్సెక్కించారు.

ఆయన పరువు తీశాను, వెంట నడవాల్సినవాళ్లను ఆపేశాను, అందుకే కళ్లెదుట ఉంచుకోలేకపోయాడు. నేను ఇన్నాళ్లూ నమ్మింది ఇదే. ఇది నిజమైతే ఆయన పేరు పెట్టే రోజున నేను నిలబడి మాట్లాడకూడదు. లండీ గారికి రానని రాసేస్తాను. అమ్మ పోయాక నన్ను పెంచింది మీరు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఉన్నదీ మీరే. చెప్పండి.

మీ ఎర్లీన్


హ్యాచీ క్రీక్, అలబామా
జూన్ 2

చిట్టీ,

ఉత్తరం అందింది. చదివి ఫ్రిజ్ మీద పెట్టాను. మళ్లీ తీసి చదివాను. నీ చేతిరాత మీ నాన్నదే, కోడి కెలికినట్టు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. బెండ విరగకాసింది. కోసి పెట్టేవాళ్లు లేరు, తినేవాళ్లు మాత్రం ఉన్నారు. లండీ మంచి కుర్రాడు. ప్రసంగం మాత్రం బాగా పొడుగు. మొన్న ఆదివారం అతను ముగించేసరికి నా కడుపు "ఆమేన్" అంది, పక్క వరసకి వినపడింది.

రానని రాయకు. వచ్చి నాలుగు మాటలు చెప్పి, పీచ్ పళ్లు కూరి నేను కాల్చే 'పీచ్ పై' తిని వెళ్లు. మన దగ్గర ఎవరు నిలబడినా ఎలా మొదలుపెడతారో నీకు తెలుసు. "నన్ను రక్షించిన దేవుడికి స్తోత్రం, పాస్టరు గారికి వందనం" అంటారు. నువ్వూ అను. అన్నంత మాత్రాన నాలుక కాలదు. నువ్వు చెప్పేది తత్వశాస్త్రమట కదా, అక్కడ పిల్లలకు అనుమానాలు నేర్పి నీకు జీతమిస్తారటగా. ఇక్కడ మాకు అవి ఉచితంగానే వస్తాయి.

ఆ శుక్రవారం సంగతి అడిగావు కనుక నీకు తెలియని ముచ్చటొకటి చెప్తాను. నువ్వెళ్లిపోయాక జరిగింది. ఏడుపు బల్ల రక్షణ లేనివాళ్లది. పాస్టరు దాని మీద కూర్చోవడం మా తాతల కాలం నుంచీ ఎవరూ చూడలేదు. టల్లిస్ అమ్మగారికి వెంటనే భయం పట్టుకుంది. పాస్టరు కూర్చున్నాడంటే పాస్టరుకే రక్షణ లేదు. మరి రక్షణ లేనివాడు ముంచితే మనకు బాప్తిస్మం అయినట్టా, ఊరికే తడిసినట్టా? డీకన్లు తలుపులేసుకుని ఒక మధ్యాహ్నమంతా దీని మీద వాదించుకున్నారు. "నన్ను ముంచింది పాత పాస్టరు, నాకేం ఢోకా లేదు" అని ముసలాళ్లు మీసాలు దువ్వారు. పాపం బ్రదర్ ఓటిస్‌ను ముంచింది మీ నాన్నే. తిని తినక, పడుకుని పడుకోక, చివరికి అక్టోబరులో పొరుగూరి పాస్టరు దగ్గరికి పోయి మళ్లీ మునిగొచ్చాడు. జ్వరమొచ్చి మంచమెక్కాడు. మీ నాన్న చూడబోయి, "ఇప్పుడు ఖాయమైందా బ్రదర్?" అన్నాడు. "ఏమో రెవరెండ్, మొదటిసారి నీళ్లు వెచ్చగా ఉన్నాయి" అన్నాడు ఓటిస్.

నవ్వావా? నవ్వు. నిన్ను చదువు కోసమే పంపాడు. ఇంతకంటే అడక్కు.

నీ అత్త వష్తి


ఫిలడెల్ఫియా
జూన్ 19

అత్తయ్యా,

నవ్వాను. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వాను. తర్వాత మీ ఉత్తరం మళ్లీ చదివితే, నా ప్రశ్నకు మీరు జవాబివ్వలేదని తెలిసింది.

చదువు కోసమైతే బడి తెరిచేదాకా ఆగేవారు. ఉతికిన నా గౌన్లు ఆరకముందే తడివి తడిగానే పెట్టెలో పెట్టారు మీరు. బస్సు దిగాక పిన్ని పెట్టె తెరిచి ముక్కు మూసుకుంది. చదువు కోసం పంపే పిల్లను అలా పంపరు.

తర్వాత నాన్న ప్రతి క్రిస్మస్‌కూ సంచెడు పెకాన్ గింజలతో వచ్చేవాడు. నా మార్కులు అడిగేవాడు, బూట్లు సరిపోతున్నాయా అని అడిగేవాడు. పక్కింటి పాస్టరు తన కూతుళ్లను భోజనాల దగ్గర "ప్రార్థన చేసుకున్నారా?" అని సతాయించేవాడు. నాన్న ఒక్కసారీ అడగలేదు. చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా. అడిగితే ఏమని చెప్పేదాన్నో నాకు తెలియదు. కానీ అడక్కపోవడాన్ని నేను ఒకే రకంగా అర్థం చేసుకున్నాను: నన్ను వదిలేసుకున్నాడు.

మీరన్న ఆ మాటలు నేను అనలేను. పన్నెండేళ్ల పిల్ల అంతమంది పాడుతున్నా అననిది, నలభై మూడేళ్ల మనిషి పీచ్ పై కోసం అంటుందా?

ఈ నెలాఖరుకు లండీ గారికి జవాబివ్వాలి. మీరు చెప్పకపోతే రాను. బెదిరింపు అనుకోకండి. ఆయన గురించి తెలియకుండా ఆయన గురించి ఏం మాట్లాడను?

ఎర్లీన్


హ్యాచీ క్రీక్
జూన్ 27

చిట్టీ,

నువ్వు బెదిరిస్తే భయపడే వయసు నాకు దాటింది. కానీ ఆ తడి గౌన్ల మాట చదివి మంచం మీద కూలబడ్డాను. నిజమే. అవి తడిగా ఉన్నాయి. నేనే మడిచాను.

విను. ఆ శుక్రవారానికి ముందే మన వీధి చివర ఒక ట్రక్కు వచ్చి నిలబడడం మొదలైంది. దీపాలార్పుకుని. పొద్దుగూకాక వచ్చి, ఎప్పుడో పోయేది. సోమవారం మీ నాన్న కోర్టుకెళ్లొచ్చాక అది మన గుమ్మం ముందుకొచ్చింది. లోపలున్న తెల్లవాళ్లు ఒక మాటే అన్నారు: "ప్రీచర్, నీ పిల్ల బడికి ఏ దారిన పోతుందో మాకు తెలుసు." ఆ మాట నీ చెవిన పడనివ్వకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం. పిల్ల భయంతో బతక్కూడదు అన్నాడు వాడు. ఇదిగో, భయంతో బతకలేదు, ఇంకోదానితో బతికావు. అది మాకు తట్టలేదు. మీ నాన్న పోయాక చెప్పాల్సింది. నేను మీ నాన్న పేరెత్తితే నువ్వు మాట మార్చేదానివి. నేనూ మార్చేదాన్ని. మన ఇంట్లో అందరిదీ మూత పెట్టిన గిన్నె వాటమే.

ఇక బల్ల సంగతి. శనివారం పగలు వరండాలో ఇద్దరం బఠాణీలు ఒలుస్తున్నాం. వాడు ఒలిచిన గింజలు చాటలో వేసి, తొక్కలు కూడా చాటలోనే వేస్తున్నాడు. "సైలస్, బుర్ర ఎక్కడుంది?" అన్నాను.

"అక్కా, నిన్న నేను పిల్ల దగ్గరికి ఎందుకు దిగానో తెలుసా?" అన్నాడు. "ఇక లేమ్మా, చెయ్యిచ్చెయ్, ఇంటికి పోదాం అని చెప్దామని దిగాను. అందరూ చూస్తున్నారు. సోమవారం కోర్టు పని ఉంది. పరువు నిలబడాలి. ఒక చిన్న అబద్ధం ఆడమని నా బిడ్డకు చెప్పడానికి దిగాను. దగ్గరికెళ్లి మొహం చూశాను. దాని గడ్డం వణుకుతోంది. అయినా లేవట్లేదు. ఆ అబద్ధం అడగలేకపోయాను. ఇన్నేళ్లుగా అంత ఎత్తున నిలబడి 'భయపడకండి' అని అరుస్తున్నాను. కోర్టు పేరెత్తితే నాకే భయం. లేనిది ఉందని నేను చెప్తున్నాను, లేనిది లేదని అది కూర్చుంది. ఇంక నేను ఎక్కడ కూర్చోను?"

నేనేమన్నానో తెలుసా? "తొక్కలు ఏరు" అన్నాను.

మరుసటి సోమవారం సాయంత్రం వాడు ఆ బల్లను ముందు వరస నుంచి లాగి చర్చి మధ్యలో వేశాడు. "కోర్టంటే భయమున్నవాళ్లు వచ్చి ఇక్కడ కూర్చోండి. ముందు నేను కూర్చుంటున్నాను. ఎవరి తల మీదా ఎవరూ పాడకూడదు. ఎవర్నీ ఎవరూ లెమ్మనకూడదు. భయం పోయినప్పుడో, పోకపోయినా వెళ్దాం అనిపించినప్పుడో, ఎవరంతట వాళ్లే లేవండి. లేచినవాళ్ల చెయ్యి పట్టుకుని మర్నాడు నేను వెంట వస్తాను" అన్నాడు.

టల్లిస్ అమ్మగారు చేతికర్ర నేలకేసి కొట్టింది. "రెవరెండ్, అది దేవుడి బల్ల, కోర్టు గుమాస్తాది కాదు."

"భయపడ్డవాళ్లను దేవుడు ఇంకే బల్ల మీద కూర్చోబెడతాడో చెప్పండమ్మా, అదే వేయిస్తాను" అన్నాడు మీ నాన్న.

మొదట వచ్చి కూర్చున్నది ఎవరనుకున్నావు? డీకన్ పర్విస్. గుండెలు తీసిన బంటులా తిరిగేవాడు. "నువ్వు ధైర్యం చెప్పినప్పుడల్లా నాకు నీ మీద ఒళ్లు మండేది రెవరెండ్" అన్నాడు. "నాకొక్కడికే భయమనుకున్నాను."

అంతే చిట్టీ. ధీరుడి వెనక ఇద్దరే వెళ్లారు. భయపడ్డవాడి పక్కన మాత్రం బల్ల చాల్లేదు, కుర్చీలు వేయాల్సొచ్చింది. మరుసటి వేసవికి కోర్టు వరండాలో మన వాళ్లు నిలబడడానికి చోటు లేదు. ఓటు కోసం వచ్చినవాళ్లకు పెట్టే చదువు పరీక్షలో తప్పావని తిప్పి పంపేవాళ్లు, మళ్లీ వెళ్లేవాళ్లం.

వెళ్లేవాళ్లం అన్నాను కదా. నేనూ కూర్చున్నాను. పత్తి తీతలు మొదలై అయిపోయేదాకా. బడిపంతులమ్మని, పేరు రాయిస్తే ఉద్యోగం ఊడుతుందని తెలుసు. దేవుడు తాకితే లేచానని నీకు చెప్పను. ఆ బల్లకు వెనక ఆనుడు లేదు, నడుం పట్టేసి లేచాను. లేచాక మళ్లీ కూర్చోవాలంటే సిగ్గేసింది. మీ నాన్న చెయ్యి పట్టుకుని నవ్వాడు. "నడుమైనా ఆయనిచ్చిందేగా అక్కా" అన్నాడు. ఆ క్రిస్మస్‌కు నా ఉద్యోగం తీసేశారు. అందుకే మన ముందు గదిలో జుట్టు దువ్వే కొట్టు పెట్టాను. నీకు అది సరదా అని చెప్పాం.

ఇప్పుడు చెప్పు. నువ్వు ఎవర్ని ఆపేశావు?

వష్తి


ఫిలడెల్ఫియా
జూలై 10

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చిన రోజున వేసవి తరగతికి పాఠం చెప్పలేదు. పిల్లల్ని ఇంటికి పంపేశాను. ఏడవడానికి మన ఊళ్లో ప్రత్యేకంగా బల్ల ఉంది, ఇక్కడ కారులో కూర్చుని ఏడ్వాలి.

వస్తున్నాను. లండీ గారికి రాశాను.

కానీ నా బుద్ధి మీకు తెలుసు. మూడు రోజులు సంతోషించాక నాలుగో రోజు అనుమానం మొదలైంది. ఆయన నా పక్కన కూర్చున్నప్పుడు తన భయం గురించి ఆలోచిస్తున్నాడా? లేక నా ఒంటరితనం చూడలేక కూర్చుని, కూర్చున్నందుకు కారణం తర్వాత వెతుక్కున్నాడా? అలాగైతే అంతమంది ముందు భయస్తుడిననిపించుకోవడం కూడా నా కోసమే. నా మీద మాట పడకుండా ఉండడానికి. కోపం తెచ్చుకోకండి, ఇంకోటి కూడా అడుగుతాను. ఇదంతా జరిగిందేనా, నన్ను రప్పించడానికి మీరు కొంచెం తీపి కలిపారా?

ఆ 'నన్ను రక్షించిన' మాట అనకుండా మాట్లాడొచ్చో లేదో లండీ గారిని అడగండి.

ఎర్లీన్


హ్యాచీ క్రీక్
జూలై 21

ఎర్లీన్,

చిట్టీ అనలేదు, చూశావా? కోపమొచ్చింది.

పీచ్ పైలో ఏమేం వేస్తానో ఊరందరికీ అబద్ధం చెప్పాను, చచ్చేదాకా చెప్తాను. నా తమ్ముడి గురించి చెప్పను. జరిగినవాటిలో కొన్నింటికి తీపి అక్కర్లేదు.

నీ కోసమా, తన కోసమా అని అడిగావు. ఆ సంగతి వాడికి తెలిసిందని నాకు నమ్మకం లేదు. నువ్వు పుట్టాక ఏది నీ కోసమో ఏది తన కోసమో వాడికి విడిగా తెలిసేది కాదు. మీ అమ్మ పోయాక అసలే తెలిసేది కాదు.

నిన్ను ఎందుకు అడగలేదో మాత్రం నాకు తెలుసు. ఒకసారి నేనే దెబ్బలాడాను, "ఏమిటి, కూతురి ఆత్మ గురించి నీకు పట్టదా?" అని. "పట్టబట్టే అక్కా" అన్నాడు. "ఎవర్నీ లెమ్మనకూడదని నేనే రూలు పెట్టాను. నా ఇంట్లో తప్పనా?"

లండీని అడిగాను. వేదిక మీద మాట్లాడాలంటే సంఘంలో సభ్యులై ఉండాలట, కింద నిలబడితే ఎవరైనా ఏమైనా మాట్లాడొచ్చట. కింద నిలబడు. నాకు చెవులు సరిగా వినపడవు, ఎలాగూ దగ్గర్లోనే ఉంటావు.

లావు మడమల బూట్లు తెచ్చుకో. గడ్డిలో బల్లలు వేస్తున్నారు.

వష్తి


ఫిలడెల్ఫియా
సెప్టెంబరు 25

ప్రియమైన అత్తయ్యకు,

మీరూ అక్కడే ఉన్నారు కనుక జరిగిందంతా చెప్పను. మీకు వినపడనిదీ, నేను మీ మొహం చూస్తూ చెప్పలేకపోయిందీ రాస్తాను.

నేను లేచి కింద నిలబడ్డాను. తెచ్చుకున్న కాగితంలో నాన్న పుట్టిన ఊరు, చదివిన బడి, అన్నీ ఉన్నాయి. అవి వదిలేసి, "నేను సైలస్ మేబ్రీ కూతుర్ని. ఈ సంఘంలో నాకు బాప్తిస్మం కాలేదు" అన్నాను. విసనకర్రలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. లండీ గారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. తర్వాతి వాక్యం సగంలో తడబడి, మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు వెనక నుంచి ఎవరో ముసలాయన, "నిదానంగా చెప్పమ్మా. మాకేం తొందర లేదు" అన్నారు. ఇంకెవరో "అవునమ్మా, నిదానంగా" అన్నారు. ఎవరు తడబడినా మన వాళ్లు అనే మాటే అది, నాకు తెలుసు. ఆ మాట వింటూనే పెరిగాను. నాతో ఎవరూ అనలేదు, అంతే. తర్వాత నేనేం మాట్లాడానో నాకు సరిగా గుర్తులేదు. ఆయన ధీరుడు కాడని చెప్పాను, భయపడ్డాడని చెప్పాను. దానికి "ఆమేన్" అంటారని ఊహించలేదు. ఆ శాల గోడలు అదిరేలా అన్నారు.

భోజనాల దగ్గర మీరు పీచ్ పై ముక్కలు కోస్తూ ఉండగా ముసలమ్మలంతా నా చుట్టూ చేరారు. వాళ్లు ఏం మాట్లాడుకున్నారనుకున్నారు? ఎవరు ఎక్కువ భయపడ్డారని పోటీ. "నేను ఒక శీతాకాలమంతా కూర్చున్నాను" అంటుంది ఒకావిడ. "నువ్వా? నువ్వు పెళ్లి కుదరలేదని కూర్చున్నావు. నేను కూర్చుంటే నా పళ్లు కొట్టుకోవడం వేదిక దాకా వినపడింది" అంటుంది ఇంకొకావిడ. పర్విస్ గారి భార్య నా చెయ్యి పట్టుకుని, "మా ఆయన పోయేముందు కూడా ఆ బల్ల గురించే చెప్పుకున్నాడు తల్లీ. నువ్వు లేవకపోవడం మా అదృష్టం" అంది. మామూలుగా, ఉప్పందించమన్నట్టు అంది. నేను పళ్లెం కింద పెట్టేశాను.

అత్తయ్యా, నన్ను పంపేసినందుకు మీ మీదా నాన్న మీదా నాకున్నది కోపమని ఇన్నాళ్లూ పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే అక్కడ కోపం లేదు. ఆ తడి గౌన్లు మడిచిన చేతులకు కృతజ్ఞురాలిని. అడక్కుండా ఉన్న నాన్నకు కృతజ్ఞురాలిని. మీ నడుం నొప్పికి, టల్లిస్ అమ్మగారి చేతికర్రకు, రెండుసార్లు మునిగిన బ్రదర్ ఓటిస్‌కు కూడా. ఇది ఒంట్లో ఎక్కడో నిజంగా ఉంది. పొద్దున లేవగానే ఉంటోంది. పాఠం చెప్తూ మధ్యలో ఆగితే ఉంటోంది.

మీరు అడగరు. నాన్న రూలు మీకూ తెలుసు. కానీ నాకై నేను చెప్తాను. నాన్న దీన్ని చూస్తే దీనికి పేరు పెట్టేవాడు, అది ఎవరికి చెందుతుందో కూడా చెప్పేవాడు. నేను చెప్పలేకపోతున్నాను. ఇది నా మనుషుల మీద నాకున్న ప్రేమేనా, లేక ఆయన జీవితమంతా మాట్లాడిన ఆ దేవుడు నన్ను తాకడమంటే ఇదేనా? నిజాయితీగా రెండు వైపులా ఆలోచించాను. నాకు తెలియడం లేదు. ఇంకా కూర్చునే ఉన్నాను.

మీ
ఎర్లీన్